ఆన్‌లైన్ అల్గారిథమ్‌ల కొత్త పరిశోధనను అందుకోవడం ఎలా?

రాబోయేది ఏంటో తెలియదు. అయినా నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి, తీసుకున్నాక వెనక్కి తిప్పుకోవడం కుదరదు. ఆన్‌లైన్ అల్గారిథమ్ ఎదుర్కొనే పరిస్థితి ఇదే. పేరులో ఆన్‌లైన్ ఉన్నా ఇంటర్నెట్‌తో దీనికి సంబంధం లేదు. కాష్ (డేటా ముక్కలను, అంటే పేజీలను, చప్పున అందేలా దాచే చిన్న మెమరీ) నిండినప్పుడు ఏ పేజీని తీసెయ్యాలి, ఇప్పుడే వచ్చిన జాబ్‌ను ఏ సర్వర్‌కి పంపాలి, ఈ క్షణంలో వెబ్ పేజీ తెరిచిన మనిషికి ఎవరి ప్రకటన చూపించాలి, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి.

డిగ్రీలో అల్గారిథమ్‌ల కోర్సు ఒకటి చేసి, ఇప్పుడు ఈ రంగంలో కొత్త పేపర్లు చదవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పేపర్ తెరవగానే కన్సిస్టెన్సీ, రోబస్ట్‌నెస్, రికోర్స్, ప్రాఫెట్ అంటూ మాటలు మీద పడతాయి, టెన్షన్ పుడుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చేతిలో ఉంచుకోండి: ఈ పేపర్‌లో ప్రత్యర్థి దగ్గర్నుంచి ఏం లాక్కున్నారు, దాని వల్ల ఏం సంపాదించారు? (ప్రత్యర్థి అంటే మన పద్ధతిని వీలైనంత చెడగొట్టేలా ఇన్‌పుట్‌ను ఎంచుకునే ఊహాజనిత శత్రువు.) గత పదిహేనేళ్ల పనిలో చాలా భాగం ఈ ప్రశ్నకు రకరకాల జవాబులే.

1. ముందు సమస్యను నాలుగు వాక్యాల్లో రాయండి

ఏం వస్తుంది, వచ్చినప్పుడు మీరు ఏం తేల్చాలి, దానికి ఖర్చు ఎంత, మిమ్మల్ని ఎవరితో పోలుస్తున్నారు. ఈ నాలుగూ రాయలేకపోతే పేపర్ మొదటి రెండు పేజీలు మళ్లీ చదవండి, ముందుకు వెళ్లకండి.

అభ్యాసానికి అందరూ వాడే చిన్న సమస్యే తీసుకుందాం. దీన్ని స్కీ రెంటల్ అంటారు. ఒక పరికరం అద్దెకు తీసుకుంటే రోజుకు 1, కొనేస్తే 10. ఎన్ని రోజులు అవసరం పడుతుందో ముందు తెలియదు, ఏదో ఒక రోజు హఠాత్తుగా అవసరం తీరిపోతుంది. రోజూ పొద్దున మీరు తేల్చాల్సింది అద్దెకా, కొనుగోలుకా అని. పోలిక మాత్రం మొత్తం రోజుల సంఖ్య ముందే తెలిసినవాడితో. అవసరం 10 రోజుల లోపైతే వాడు అద్దెకు తీసుకుంటాడు, అంతకు మించితే మొదటి రోజే కొంటాడు. వాడి ఖర్చును ఆఫ్‌లైన్ ఆప్టిమమ్ అంటారు. మీ ఖర్చు వాడి ఖర్చుకు ఎన్ని రెట్లు అవుతుందో అన్ని సందర్భాల్లోనూ లెక్కేసి, అందులో అన్నిటికన్నా చెడ్డదాన్ని తీసుకుంటే అదే కాంపిటిటివ్ రేషియో.

2. ప్రత్యర్థి కుర్చీలో మీరు కూర్చోండి

ఇప్పుడు కాగితం తీసి లెక్క వెయ్యండి. 5వ రోజు పొద్దున కొందామని అనుకున్నారు. ప్రత్యర్థి ఏం చేస్తాడు? సరిగ్గా ఆ రోజే అవసరం తీర్చేస్తాడు. మీ ఖర్చు 4 + 10 = 14, వాడిది 5. నిష్పత్తి 2.8. పోనీ 15వ రోజు కొంటే? 14 + 10 = 24, వాడిది 10, నిష్పత్తి 2.4. 10వ రోజు కొంటే 9 + 10 = 19కి 10, అంటే 1.9. మిగతా రోజులన్నీ వేసి చూడండి, 1.9 కన్నా తగ్గదు. కొనుగోలు ధర పెరిగేకొద్దీ ఈ సంఖ్య 2 దగ్గరికి చేరుతుంది.

ఈ చిన్న లెక్కలో ఈ రంగం వాడే రెండు పనులూ ఉన్నాయి. ఒకటి, ఫలానా పద్ధతి ఇంతకన్నా చెడగొట్టదని చూపించడం. రెండు, ఏ పద్ధతీ ఇంతకన్నా బాగా చేయలేదని చూపించడం. రెండో దాన్ని లోయర్ బౌండ్ అంటారు. కొత్తగా చదివేవాళ్లు దాన్ని వదిలేసి అల్గారిథమ్ మీదే పడతారు. నా సలహా దానికి తలకిందులు: లోయర్ బౌండ్ ముందు చదవండి. సమస్యలో అసలు కష్టం ఎక్కడుందో అదే చెబుతుంది.

రెండో అభ్యాసంగా కాష్ తీసుకోండి. కాష్‌లో కె పేజీలు పడతాయి, మొత్తం పేజీలు కె + 1. ప్రత్యర్థి ఎప్పుడూ మీ దగ్గర లేని పేజీనే అడుగుతాడు, కాబట్టి ప్రతి అడుగులోనూ మీకు మిస్ (అడిగిన పేజీ కాష్‌లో దొరకకపోవడం, ఇక్కడ ఖర్చు అంటే ఇదే). భవిష్యత్తు తెలిసినవాడు మాత్రం అందరికన్నా ఆలస్యంగా అవసరమయ్యే పేజీని తీసేస్తాడు (1966 నాటి బెలాడీ నియమం), కె అడుగులకు ఒక్కసారే దెబ్బ తింటాడు. అంటే డిటర్మినిస్టిక్ (పాచికలు వేయని) పద్ధతి ఏదైనా కె కన్నా తక్కువ నిష్పత్తి సాధించలేదు. ఎల్‌ఆర్‌యూ (వాడి అన్నిటికన్నా ఎక్కువ సేపైన పేజీని తీసే పద్ధతి) సరిగ్గా కె సాధిస్తుందని స్లేటర్, టార్జన్ 1985లో చూపించారు. ఈ తరహా విశ్లేషణ అప్పట్నుంచే ఊపందుకుంది, కాంపిటిటివ్ అనే పేరు 1988లో వచ్చింది. పేరు లేని రోజుల్లోనే, 1966లో, జాబ్‌లను యంత్రాలకు పంచే గ్రీడీ పద్ధతి రెండు రెట్లు దాటదని గ్రాహం లెక్కగట్టి పెట్టాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఎల్‌ఆర్‌యూకి కె మార్కులు, ఫిఫోకి (ముందొచ్చిన పేజీని ముందు తీసే పద్ధతి) కూడా కె మార్కులే. వాడకంలో ఈ రెండూ ఒకటి కాదని సిస్టమ్స్ వాళ్లెవరైనా చెబుతారు. పైగా కాష్‌లో 1000 పేజీలు పడితే, సిద్ధాంతం ప్రకారం మీరు 1000 రెట్లు చెడగొట్టవచ్చు. అంత చెడగొట్టడం నిజంగా ఎవరూ చూడలేదు. ప్రత్యర్థికి మనం మరీ ఎక్కువ బలం ఇచ్చేశాం. ఆ బలాన్ని ఎలా, ఎంత తగ్గించాలి అన్నదగ్గరే కొత్త పరిశోధన మొదలవుతుంది.

3. మొదటి లాగుడు: మీ పాచికలు వాడికి కనపడకుండా చెయ్యండి

పద్ధతిలో యాదృచ్ఛికత పెట్టి, పాచిక ఏం పడిందో ప్రత్యర్థికి కనపడదని ఒప్పందం చేసుకుంటే వాడి బలం తగ్గుతుంది. వీడిని ఆబ్లివియస్ అడ్వర్సరీ అంటారు. పాచిక పడ్డాక చూసి అడిగే అడాప్టివ్ రకాలు వేరే ఉన్నాయి. పేపర్‌లో ఏ రకమో చూడకుండా నిష్పత్తిని మాత్రం గుర్తుపెట్టుకుంటే ఉపయోగం లేదు. స్కీ రెంటల్‌లో ఈ మార్పుతో 2 కాస్తా సుమారు 1.58 అవుతుంది. కాష్‌లో లాభం ఇంకా పెద్దది. 1991లో వచ్చిన మార్కింగ్ పద్ధతితో (ఇది దశలుగా నడుస్తుంది: ఈ దశలో అడిగిన పేజీలకు గుర్తు పెట్టి, గుర్తు లేనివాటిలోంచి పాచిక వేసి ఒకదాన్ని తీస్తుంది) నిష్పత్తి కె నుంచి 2 ఇంటూ హార్మోనిక్ సంఖ్యకు (1 + 1/2 + ... + 1/కె) దిగింది. కె 100 అయితే 100 నుంచి 10.4కి దిగినట్టు.

యాదృచ్ఛిక పద్ధతులకు లోయర్ బౌండ్ కావాలంటే 1977 నాటి యావో సూత్రం పట్టుకోండి. ఇన్‌పుట్‌నే యాదృచ్ఛికంగా ఇచ్చి, దాని మీద డిటర్మినిస్టిక్ పద్ధతులన్నీ సగటున ఎంత చెడగొడతాయో చూస్తే చాలు.

పాతబడిందనుకున్న ఈ మెట్టు మీద కూడా ఈమధ్యే పెద్ద కబురు వచ్చింది. కె-సర్వర్ అనే సమస్య ఉంది. దూరాలున్న ఒక స్థలంలో కె సర్వర్లు ఉంటాయి. ఏ బిందువు నుంచి పిలుపు వస్తే అక్కడికి ఒకదాన్ని నడిపించాలి, ఖర్చు నడిచిన దూరం. యాదృచ్ఛిక పద్ధతులతో నిష్పత్తి లాగ్ కె స్థాయికి దిగుతుందని దశాబ్దాలుగా నమ్మారు. 2022లో బ్యూబెక్, కోస్టర్, రబానీ ఆ నమ్మకం తప్పని తేల్చారు: నిష్పత్తి (లాగ్ కె) ఇంటూ (లాగ్ కె) స్థాయి కన్నా దిగని స్థలాలు ఉన్నాయి. డిటర్మినిస్టిక్ పద్ధతికి కె సరిపోతుందన్న ఊహ మాత్రం ఇంకా తెగలేదు. కౌట్సూపియాస్, పాపాడిమిట్రియూ 1990ల మధ్యలో చూపించిన 2కె - 1 దగ్గరే ఉంది.

4. పేపర్ ఏ మోడల్‌లో ఉందో పట్టుకోండి

సారాంశంలో వెతకాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "రాండమ్ ఆర్డర్" కనపడితే, ఏమేం రావాలో ప్రత్యర్థి ఎంచుకుంటాడు కానీ ఏ వరుసలో రావాలో వాడి చేతిలో లేదన్నమాట. దీనికి తాతలాంటిది సెక్రటరీ సమస్య (ఒక్కొక్కరుగా వచ్చే అభ్యర్థుల్లో ఒక్కరిని అక్కడికక్కడే ఎంచుకోవాలి): మొదటి 37 శాతం మందిని చూసి వదిలేసి, ఆ తర్వాత వాళ్లందరికన్నా మెరుగ్గా కనపడ్డ మొదటివాళ్లను తీసుకుంటే, అందరిలోకీ ఉత్తములు దొరికే అవకాశం సుమారు 37 శాతం. ఈ మోడల్‌లో ఈమధ్య నాకు బాగా నచ్చిన ఫలితం సెట్ కవర్ (వచ్చిన అంశాలన్నిటినీ తక్కువ ఖర్చుతో కొన్ని సెట్లతో కప్పడం) మీద 2021లో గుప్తా, కెహ్నే, లెవిన్ చేసిన పని. ప్రత్యర్థి చెప్పిన వరుసలో వస్తే లాగ్ ఎమ్ ఇంటూ లాగ్ ఎన్ పడే చోట (ఎమ్ సెట్ల సంఖ్య, ఎన్ అంశాల సంఖ్య), వరుస యాదృచ్ఛికమైతే లాగ్ ఎమ్ ప్లస్ లాగ్ ఎన్ స్థాయి చాలు. గుణకారం కూడిక అయిందంటే చిన్న విషయం కాదు.

"ప్రాఫెట్" లేదా "ఐఐడీ" కనపడితే, వచ్చే విలువలు మనకు ముందే తెలిసిన సంభావ్యతల నుంచి పడుతున్నాయని అర్థం. ఒక్కొక్కటిగా వచ్చే విలువల్లో ఒక్కదాన్నే, వచ్చినప్పుడే తీసుకోవాలి. గరిష్ఠ విలువ సగటులో సగాన్ని గీతగా పెట్టుకుని, దాన్ని దాటిన మొదటి విలువను తీసుకోండి. భవిష్యత్తు తెలిసినవాడికి సగటున వచ్చేదాంట్లో కనీసం సగం మీకు వస్తుంది. రుజువు అర పేజీ, తప్పకుండా ఒకసారి స్వయంగా చెయ్యండి. విలువలన్నీ ఒకే డిస్ట్రిబ్యూషన్ నుంచి వస్తే సగం బదులు 0.745 దాకా వెళ్లవచ్చు.

"రికోర్స్" అంటే ప్రత్యర్థిని ముట్టుకోకుండా నియమాన్ని సడలించడం: తీసుకున్న నిర్ణయాలను కొద్దిగా మార్చుకోనిస్తారు. స్టైనర్ ట్రీలో (వచ్చిన బిందువులన్నిటినీ తక్కువ ఖర్చుతో కలిపే చెట్టు) ఒక్కో కొత్త బిందువుకు సగటున ఒక్క అంచు మార్చుకునే వీలిస్తే చాలు, నిష్పత్తి లాగ్ నుంచి స్థిరసంఖ్యకు పడిపోతుంది.

అసలేమీ లాక్కోకుండానే గెలిచిన పేపర్లూ ఉన్నాయి. వాటిని వేరుగా గుర్తుపెట్టుకోండి, టెక్నిక్ కొత్తగా పుట్టేది ఎక్కువగా అక్కడే. బైపార్టైట్ మ్యాచింగ్‌లో (ముందే ఉన్నవాటితో ఒక్కొక్కటిగా వచ్చేవాటిని జతకట్టడం) 1990లో కార్ప్ - వజీరానీ - వజీరానీ ర్యాంకింగ్ పద్ధతి 0.632 సాధించింది, అంతకన్నా ఎవరూ సాధించలేరనీ చూపించింది. (మ్యాచింగ్‌లో లాభం పెంచాలి, అందుకే నిష్పత్తి 1 కన్నా తక్కువ. కొత్తవాళ్లు తరచూ తికమకపడేది ఇక్కడే.) అంచులకు బరువులుండి, మెరుగైనది వస్తే పాతదాన్ని వదిలేయగలిగే రకంలో మాత్రం గ్రీడీ ఇచ్చే 0.5 దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయారు. 2020లో ఆన్‌లైన్ కోరిలేటెడ్ సెలెక్షన్ అనే పనిముట్టుతో 0.5086 వచ్చింది, తర్వాత ఆ అంకె ఇంకా పెరిగింది. 0.0086 కోసం ఇంత హడావుడా అనిపించవచ్చు. కానీ ఆ గీత దాటడమే ముఖ్యం, దాటించిన పనిముట్టును తర్వాత మరికొన్ని సమస్యల్లో వాడుకున్నారు.

5. అంచనాలతో కూడిన అల్గారిథమ్‌లను చేత్తో లెక్కేయండి

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పేపర్లు వస్తున్నది ఇక్కడే, అందుకే ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఉందాం. మెషీన్ లెర్నింగ్ మోడల్ ఒక అంచనా ఇస్తుంది. అది నిజం కావచ్చు, చెత్త కావచ్చు. దాని మీద మనకు ఏ హామీ లేదు. నిజమైతే లాభపడాలి, చెత్తయితే మునిగిపోకూడదు. మొదటి గుణం పేరు కన్సిస్టెన్సీ, రెండోది రోబస్ట్‌నెస్. 2018లో లైకూరిస్, వాసిల్వితస్కీ కాష్ మీద, పురోహిత్, స్విట్కినా, కుమార్ స్కీ రెంటల్ మీద చేసిన పనులతో ఈ దారి ఊపందుకుంది.

మన 10 ధర లెక్కకే తిరిగి వెళ్దాం. అవసరం ఎన్ని రోజులో మోడల్ చెబుతుంది. దాన్ని ఎంత నమ్మాలో మీరు 0 నుంచి 1 మధ్య ఒక సంఖ్యతో చెప్పాలి, దాని పేరు లాంబ్డా. చిన్నదైతే నమ్మకం ఎక్కువ. నియమం ఇది: అంచనా 10 లేదా అంతకు మించితే 10 ఇంటూ లాంబ్డా రోజున కొనండి, 10 కన్నా తక్కువైతే 10 బై లాంబ్డా రోజున కొనండి. లాంబ్డా 0.5 అనుకుంటే 5వ రోజు లేదా 20వ రోజు అన్నమాట.

అంచనా నిజమై అవసరం 10 దాటితే మీ ఖర్చు 4 + 10 = 14, నిష్పత్తి 1.4. అంచనా తప్పి 5వ రోజే అవసరం తీరిపోతే 14కి 5, అంటే 2.8. తక్కువ రోజులే అని చెప్పి నిజానికి 20 దాటితే 19 + 10 = 29కి 10, అంటే 2.9. ఇప్పుడు లాంబ్డా 0.2 పెట్టి చూడండి. కొనే రోజు 2 లేదా 50 అవుతుంది. అంచనా నిజమైతే 1.1 మాత్రమే. తప్పితే 5.5 లేదా 5.9. సాధారణంగా చెప్పాలంటే కన్సిస్టెన్సీ 1 + లాంబ్డా, రోబస్ట్‌నెస్ 1 + 1 బై లాంబ్డా. డిటర్మినిస్టిక్ పద్ధతులకు ఇంతకన్నా మంచి బేరం లేదని 2020లో వెయ్, జాంగ్ రుజువు చేశారు.

అంచనాను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో కాష్‌లో చూడండి. కాష్‌లో రెండే చోట్లు. ఏ, బి వచ్చి కూర్చున్నాయి. మోడల్ ప్రతిసారీ "ఏ ఇప్పుడే మళ్లీ వస్తుంది" అంటుంది. వచ్చేవి మాత్రం సి, బి, సి, బి. బెలాడీ నియమాన్ని అంచనాల మీద నడిపితే ఏ ని ఎప్పుడూ తీయరు, ప్రతి అడుగులోనూ మిస్ అవుతుంది. భవిష్యత్తు తెలిసినవాడికి మొత్తం మూడే మిస్‌లు. వరుస ఎంత పొడుగైతే నిష్పత్తి అంత పెరుగుతుంది, దానికి హద్దే లేదు. లైకూరిస్, వాసిల్వితస్కీ చేసిన మరమ్మతు ఇది: మార్కింగ్ పద్ధతిని అలాగే ఉంచి, ఈ దశలో ఇంకా ఎవరూ అడగని పేజీల్లో దేన్ని తీయాలో తేల్చడానికి మాత్రమే అంచనా వాడాలి, తప్పులు గొలుసుకట్టుగా పెరుగుతుంటే అంచనాను పక్కన పెట్టి పాచిక వెయ్యాలి. దీంతో మోడల్ ఎంత చెత్తదైనా లాగ్ కె హద్దు దాటదు. తర్వాత వచ్చిన చాలా పేపర్లలో ఈ అచ్చే కనపడుతుంది, ఒకసారి గుర్తుపట్టడం వస్తే చదవడం తేలికవుతుంది.

ఈ రకం పేపర్‌ను మూడు ప్రశ్నలతో పరీక్షించండి. దేన్ని అంచనా వేయమంటున్నారు, ఆ సమాచారం ఇచ్చే మోడల్ తయారు చేయడం నిజంగా సాధ్యమా? తప్పును దేనితో కొలుస్తున్నారు? తప్పు కొద్దిగా పెరిగితే నిష్పత్తి కూడా కొద్దిగానే పెరుగుతుందా, లేక ఒక్కసారిగా ఎగురుతుందా? మొదటి ప్రశ్న దగ్గరే నేను చాలా పేపర్లను పక్కన పెట్టేస్తాను. ఆప్టిమమ్ పరిష్కారాన్నే అంచనాగా ఇచ్చేయమని అడిగితే, మిగిలిన థీరమ్ ఎంత అందంగా ఉన్నా వాడుకలోకి వస్తుందని నమ్మడం కష్టం.

6. పేపర్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ వరుసలో చదవాలి

ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్స్ విభాగం చూస్తుండండి. సిద్ధాంతం వైపు స్టాక్, ఫాక్స్, సోడా, ఐకాల్ప్ సదస్సులు, అంచనాల వైపు న్యూరిప్స్, ఐసీఎంఎల్. అంచనాల మీద పేపర్లను సమస్యల వారీగా పోగుచేసే "అల్గారిథమ్స్ విత్ ప్రెడిక్షన్స్" అనే వెబ్ జాబితా ఒకటి ఉంది, లిండర్‌మేయర్, మెగో నిర్వహిస్తారు. మిట్జెన్‌మాకర్, వాసిల్వితస్కీ అదే పేరుతో 2020లో రాసిన సర్వేతో మొదలుపెడితే దారి తెలుస్తుంది.

చదివే వరుస: మోడల్, ప్రధాన థీరమ్, పాత ఫలితాల పట్టిక, లోయర్ బౌండ్, చివరికి అల్గారిథమ్ రుజువు. రుజువులో సాధారణంగా ఎదురయ్యేవి రెండు పనిముట్లు. పొటెన్షియల్ ఫంక్షన్ అయితే, అది దేన్ని కొలుస్తోందో ఒక వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. మీ స్థితికీ ఆప్టిమమ్ స్థితికీ మధ్య ఎడం అని తరచూ జవాబు వస్తుంది. ప్రైమల్-డ్యుయల్ అయితే (ప్రైమల్ అంటే సమస్యకు రాసిన లీనియర్ ప్రోగ్రామ్, డ్యుయల్ అంటే దాని జంట, దాని విలువ ఆప్టిమమ్ ఖర్చును మించదు), ఒక్కో అడుగులో ప్రైమల్ ఖర్చు ఎంత పెరిగింది, డ్యుయల్ విలువ ఎంత పెరిగింది అని రెండు గడుల పట్టిక వేసుకోండి. ఆ రెండింటి నిష్పత్తే కాంపిటిటివ్ రేషియోకు హద్దు అవుతుంది. రెండోది నేర్చుకోవడం తేలిక, ముందు దానితోనే మొదలుపెట్టమంటాను.

7. కోడ్ రాసి చూడండి

స్కీ రెంటల్‌కి ముప్పై లైన్ల పైథాన్ చాలు. అవసరమైన రోజులు యాదృచ్ఛికంగా తీసి, దానికి కొంత తప్పు కలిపి అంచనా తయారు చేయండి. తప్పు పెంచుతూ పోయి నిష్పత్తిని గ్రాఫ్ గీయండి. పక్కనే రెండు గీతలు తప్పకుండా ఉండాలి: అంచనాను గుడ్డిగా నమ్మే పద్ధతి, అంచనాను అసలు వినకుండా 10వ రోజు కొనే పద్ధతి. ఈ రెండూ లేని గ్రాఫ్ ఏ పేపర్‌లో కనపడినా నాకు అనుమానమే.

ఒక్కో పరుగు నిష్పత్తిని తీసి వాటి సగటు చూడటం వేరు, మొత్తం ఖర్చుల సగటులను తీసి వాటి నిష్పత్తి చూడటం వేరు. థీరమ్ దేని గురించి చెబుతోందో చూసి అదే కొలవండి. అలాగే యాదృచ్ఛిక తప్పు ఒక్కటే పెట్టి సంతోషపడకండి. ఎక్కువ రోజులున్నప్పుడు తక్కువ అని, తక్కువున్నప్పుడు ఎక్కువ అని చెప్పే మొండి మోడల్‌నీ పెట్టండి. రోబస్ట్‌నెస్ బయటపడేది అప్పుడే.

8. సొంత ప్రశ్నకు ఎక్కడ వెతకాలి

తెరిచి ఉన్న పెద్ద ఖాళీలు తెలిసినవే. బిన్ ప్యాకింగ్‌లో (వస్తువులను వీలైనన్ని తక్కువ డబ్బాల్లో సర్దడం) చేతిలో ఉన్న పద్ధతి 1.57829, లోయర్ బౌండ్ 1.54278. కదిలే కుంభాకార ఆకారాలను వెంటాడే సమస్యలో నిష్పత్తి డైమెన్షన్‌కూ దాని వర్గమూలానికీ మధ్య ఎక్కడో ఉంది. వీటి మీదకు మొదటే దూకమని చెప్పను. పైన మనం లెక్కేసిన నియమంలోనే ఒక లోటు ఉంది, దానితో మొదలుపెట్టండి. ఆ నియమం అంచనాలోంచి వాడుకుంటున్నది ఒక్క బిట్ మాత్రమే: 10 దాటుతుందా, లేదా. అందుకే లాంబ్డా 0.5 దగ్గర అంచనా 9 అయితే కొనే రోజు 20, అంచనా 10 అయితే కొనే రోజు 5. నిజంగా అవసరం 9 రోజులే అనుకోండి, ఒక్క రోజు తప్పు అంచనాతో ఖర్చు 9 నుంచి 14కి ఎగురుతుంది. ఇలాంటి పెళుసుతనం మీద 2024 నుంచి పేపర్లు వస్తున్నాయి. వాటిని తెరవకముందే, కొనే రోజు అంచనాతో పాటు మెల్లగా మారేలా ఒక నియమం మీరే రాసి, దాని కన్సిస్టెన్సీ, రోబస్ట్‌నెస్ ఎంత వస్తాయో 10 ధరకు లెక్కేసి చూడండి.